సీతారావమ్మ నోరు

మార్చి 3, 1986

ఈ రోజు పదకొండు మంది. తొమ్మిది మంది పన్ను పీకించుకోవడానికి. ఒకావిడ పీకిన పన్ను తిరిగి ఇమ్మని. ఇంకొకాయనకు చెవి నొప్పి. ఇది పళ్ళ ఆసుపత్రి, చెవులు చూడను అంటే, "ఎంత దూరమండీ, పక్కపక్కనే కదా" అన్నాడు.

పన్ను మీద నల్ల చుక్క పడినప్పుడు రారు. చుక్క గుంట అయినప్పుడూ రారు. అప్పుడొస్తే అరగంటలో తొలిచి వెండి సిమెంటు నింపి పంపిస్తాను, పదేళ్ళు నములుకుంటారు. రారు. లవంగం కుక్కుతారు, ఉప్పు కుక్కుతారు, ఇంగువ కుక్కుతారు, పొగాకు కుక్కుతారు. బుగ్గ బూరెలా పొంగాక, మూడు రాత్రులు నిద్ర లేక, వచ్చి కుర్చీలో కూర్చుని — "నొప్పి లేకుండా పీకండమ్మా."

మా కాంపౌండరు మరియదాసు గారు అందరినీ "భయం లేదయ్యా, భయం లేదమ్మా" అని ఓదారుస్తుంటారు. నా కుర్చీ పక్కన నిలబడి నా గురించే భయం లేదని చెప్పడం...

మార్చి 7

కరెంటు లేదు. పొద్దుటి నుంచి కాలి డ్రిల్లు. కుట్టుమిషను తొక్కినట్టు తొక్కుతూ పన్ను తొలవడం. బి.డి.ఎస్. చదివింది ఇందుకు. మెడిసిన్ సీటు రాక ఇందులో పడ్డానని అమ్మ ఇప్పటికీ చుట్టాలకు చెబుతుంది. పడ్డాను అనే అంటుంది, చేరాను అనదు.

మార్చి 12

వెంకటరత్నం అనే మామిడి కాంట్రాక్టరు. ముసునూరు దాకా తోటలు వేలంలో పాడుకుంటాడట. ముందు పన్నుకు బంగారు తొడుగు కావాలి. పన్ను చూశాను, నిక్షేపంగా ఉంది. తొడుగు వేయాలంటే ఆ మంచి పన్నును చుట్టూ అరగదీయాలి అన్నాను. "అరగదీయండి. పాటలో నవ్వితే కనపడాలి కదండీ."

పోతూ పోతూ, "మామిడిపళ్ళ ఊరికి పళ్ళ డాక్టరు ఉండాల్సిందేలెండి" అని తనే నవ్వాడు. ఈ ఊరొచ్చిన రెండేళ్ళలో ఈ హాస్యం వినని వారం లేదు.

మార్చి 19

హైస్కూల్లో ఉపన్యాసం. దంత సంరక్షణ. పళ్ళు రెండుపూటలా తోమాలి, రాత్రి పడుకునే ముందు తోమడం మరీ ముఖ్యం, పొద్దున తోమేది పాచి వదలడానికి, రాత్రి తోమేది పన్ను నిలవడానికి అని చెప్పాను. బొగ్గు, ఇటుకపొడి వద్దన్నాను. వేపపుల్ల అయితే చివర మెత్తగా నమిలి, చిగుళ్ళ నుంచి పంటి కొస వైపు తోమాలని పుల్ల పట్టుకుని చూపించాను.

చివర్లో లెక్కల మాస్టారు లేచారు. "రాత్రి తోముకుంటే చూసేదెవరండీ?"

పిల్లలు నవ్వారు. ఆయన పళ్ళ మీద గార చిగుళ్ళ దాకా పట్టి ఉంది. తీయించుకోమంటే, గార తీస్తే పళ్ళు కదులుతాయట. కదిలే పళ్ళను ఆ గారే పట్టి ఉంచుతోందని నమ్మకం. పై పన్ను పీకితే చూపు పోతుందట. లెక్కలు చెప్పే మనిషి!

మార్చి 26

కుడి కింద దవడపన్ను. చన్నీళ్ళు తగిలితే జివ్వుమంటోంది. నా పన్ను నేను తొలుచుకోలేను కదా. వచ్చే ఆదివారం విజయవాడ వెళ్ళి, నాతో బి.డి.ఎస్. చదివిన ప్రమీలకు చూపించుకోవాలి.

ఏప్రిల్ 2

వెళ్ళలేదు. లవంగం నూనె.

ఏప్రిల్ 9

వెంకటరత్నం ఒక మనిషిని వెంటబెట్టుకొచ్చాడు. సీతారావమ్మ. ముసునూరు. నలభై ఉంటాయేమో. కూలి మనిషే గానీ కోత కోయదు, గంప ఎత్తదు. కాయ కొరుకుతుంది. అదీ ఆమె పని. చెట్టు చెట్టుకూ ఒక పచ్చికాయ పంటితో కొరికి, కోతకు వచ్చిందో లేదో చెబుతుంది. ఆమె ఊ అంటేనే నిచ్చెన వేస్తారట. "దీని నోరే నా తోటకి తూకమండీ. సీజను అయ్యేదాకా ఆ పళ్ళు నిలబెట్టండి చాలు" అన్నాడు. ఎద్దు గిట్టలకు నాడాలు కొట్టించడానికి తెచ్చినవాడిలా మాట్లాడాడు. ఆమె ఏమీ అనుకున్నట్టు లేదు.

"మంచినీళ్ళు కూడా తాగలేకపోతున్నానండి. పళ్ళు పులిసిపోయినియ్. సిమెంటేదో పెడతారంట గదండీ."

చూశాను. ముందు పళ్ళు అంచులు లేకుండా అరిగిపోయి, లోపలి పసుపు బయటపడింది. ఇరవై ఏళ్ళ పులుపు. పులుపు పన్ను పైపొరను మెత్తబరుస్తుంది. ఈవిడ ఇంటికెళ్ళగానే, పొర మెత్తగా ఉన్నప్పుడే, బొగ్గుపొడి పెట్టి తోముతుంది. పులుపు తిన్నాక నీళ్ళతో పుక్కిలించి ఊరుకోవాలి, అరగంట దాకా బ్రష్షు గానీ వేలు గానీ పెట్టకూడదు, ఆలోగా ఇంకో పులుపు తగలకూడదు అని చెప్పాను.

"కాయకీ కాయకీ మధ్య అరగంట ఆగితే ఇంక కోతెప్పుడండీ" అంది.

ఎడమ బుగ్గలో పొగాకు ముక్క. అదెందుకంటే — పులుపు చావడానికట. అది లేకపోతే రెండో చెట్టు కాయ రుచి తెలియదట. పుక్కిలించి ఉమ్మిరమ్మన్నాను. వచ్చి నోరు తెరిచి, "ఇక్కడ కూడా చూడండమ్మా, గరుగ్గా తగులుతుంది" అని బుగ్గ లోపల వేలు పెట్టి చూపించింది. తెల్లటి మచ్చ. మామిడి సొనకు కాలింది. ఈ మూడు నెలలూ ఈ ఊళ్ళో మూతి కాలని మనిషి ఉండడు. కార్డు మీద రాశాను: సొన పుండు. దానంతట అదే మానుతుంది. మిగిలిన పళ్ళకు పూయగలిగిన మందేదో పూశాను.

వాళ్ళు వెళ్ళాక మరియదాసు గారు పనిముట్లు తీస్తూ — "సొన పడితే పెదవి కాలుద్ది గదమ్మా. అంత లోపల బుగ్గకి..."

"డాక్టరు మీరా, నేనా?"

పనిముట్లు కడగడానికి వెళ్ళిపోయారు. నోటి అద్దం కడగాల్సిన పని ఆయనకు పడలేదు. నేను వాడలేదు.

ఏప్రిల్ 17

వెంకటరత్నం తోట చూడమని కారు పంపాడు. చూడ్డానికేముంది, చెట్లు. కానీ సీతారావమ్మ పని చూశాను.

కాయ కోయించి, తొడిమ తుంచి, సొన కారిపోయేదాకా బోర్లించి పట్టుకుంటుంది. తుడుస్తుంది. ముక్కు వైపు కొరుకుతుంది. పన్ను టెంక దగ్గర ఆగాలట. దిగిపోతే టెంక ముదరలేదని. కండ నాలుక మీద తిప్పి ఉమ్మేసి, ఒక్క నిమిషం ఎటో చూస్తుంది. ముప్పై మంది మగవాళ్ళు గంపలు పట్టుకుని, నిచ్చెనలు పట్టుకుని, ఒక ఆడమనిషి ఉమ్మినదాన్ని చూస్తూ నిలబడ్డారు.

"నాలుగు రోజులాగాల."

అంతే. అందరూ పక్క చెట్టుకు. వెంకటరత్నం లారీ మాట్లాడుకుని ఉన్నాడు, అయినా నోరెత్తలేదు. నా మాట మీద ఈ ఊళ్ళో ఎవడైనా బ్రష్షు కొన్నాడా?

ఏప్రిల్ 24

సొన పుళ్ళు, ఈ ఒక్కరోజే ముగ్గురు. పెదవి, మూతి చివర, గడ్డం. మామిడికాయ చూస్తే ఆగలేరు, తుడుచుకునే ఓపిక లేదు. పూతమందు ఇచ్చి పంపాను. వారంలో మానతాయి.

మే 5

బస్టాండు దగ్గర పళ్ళవాడు మంచి పన్ను పీకి, పుచ్చుపన్ను వదిలేశాడు. వాడి చేతిలో పడ్డ మనిషి నా దగ్గరికొచ్చాడు. గొడుగు కింద గాజుపెట్టె, అందులో వందల పళ్ళు, మత్తు ఇంజక్షను లేదు, పటకారు కిరసనాయిలు స్టవ్వు మంట మీద ఒకసారి చూపించడం, అంతే. పీకడానికి వాడి దగ్గరికి, వాడు పీకింది సరిచేయడానికి నా దగ్గరికి. డిగ్రీ లేదు, చదువు లేదు. నోరు తెరిస్తే పన్ను తప్ప వాడికి ఇంకేమీ కనపడదు.

మే 20

బంగారు తొడుగు రోజు. వెంకటరత్నం పన్ను అరగదీయడానికే పొద్దంతా సరిపోయింది. మంచి పన్ను. చెయ్యి రాలేదు, అయినా చేశాను.

మధ్యలో సీతారావమ్మ గుమ్మంలోకి వచ్చింది. గంపలో చిన్న రసాలు, పైన గడ్డి. "ఇది ఇంకా పోలేదండి. కారం తగిలితే మంట." నేను డ్రిల్లు ఆపలేదు. పొగాకు మానెయ్, సీజను అయ్యాక సొన తగలదు, అదే మానుతుంది అన్నాను. కుర్చీలో కూర్చోబెట్టలేదు. కుర్చీలో వెంకటరత్నం ఉన్నాడు.

రసాలు బాగున్నాయి.

జూన్ 15, ఆదివారం

వాన. తోటలన్నీ ఖాళీ. విజయవాడ వెళ్దామని బస్టాండు దాకా వెళ్ళి తిరిగొచ్చేశాను. వానలో ఏం వెళ్తాం. పన్ను ఇప్పుడు వేడికి కూడా పోటు పెడుతోంది. అంటే లోపలి నరం దాకా పోయిందని నాకు తెలుసు. ఎడమ పక్క నములుతున్నాను.

జూలై 2

వచ్చే ఆదివారం ఖాయం.

జూలై 21

ఒక తల్లి. మూడేళ్ళ పిల్ల, పై పళ్ళు నాలుగూ నల్లగా మొదళ్ళ దాకా. రాత్రంతా పంచదార పాల సీసా నోట్లో పెట్టి పడుకోబెడుతుందట. "పాలపళ్ళే గదండీ, ఎటూ ఊడిపోయేవేగా." పాలపళ్ళు పాడైతే చీము లోపలికి దిగి వచ్చే పళ్ళను కూడా పాడు చేస్తుందని చెప్పాను. సరేనంది. పిల్ల ఏడుస్తోందని గుమ్మం దాటకముందే చేతిలో బెల్లం ముక్క పెట్టింది.

ఆగస్టు 4

రెండు రోజులుగా జ్వరం. దవడ వాచింది. నా మొహం నేనే అద్దంలో చూసుకుని — బూరె.

మరియదాసు గారు ఉప్పునీళ్ళు కాచి తెచ్చి పెట్టారు. ఆయనకు అనవలసినవి చాలా ఉండి ఉంటాయి.

ఆగస్టు 10, ఆదివారం

విజయవాడ. పన్ను పోయింది. ప్రమీల చూడగానే, "మార్చిలో వచ్చుంటే నింపేదాన్ని కదే" అంది. రోజూ నేను వాడే వాక్యమే. ఎంత చెత్త వాక్యమో కుర్చీలో కూర్చున్నవాళ్ళకే తెలుస్తుంది.

అసలు రాయవలసింది అది కాదు.

ఇంజక్షను ఇచ్చి, మొద్దుబారడానికి కూర్చోబెట్టింది. ఊరికే ఉండలేక మా ఊరి వింతలు చెప్పడం మొదలుపెట్టాను. లెక్కల మాస్టారు, బంగారు పన్ను, ఆ తర్వాత కాయ కొరికే మనిషి. పుల్లటి కాయ, ఆ మీద పొగాకు, సొన కాలి బుగ్గలో తెల్ల మచ్చ, పళ్ళకు సిమెంటు కావాలట అని నవ్వించబోయాను. ప్రమీల నవ్వలేదు. అప్పటికే నా నోట్లో దూది పెట్టేసింది.

"ఆ మచ్చ ఎన్నాళ్ళ నుంచి?"

మాట రాదు. నాలుగు వేళ్ళు చూపించాను.

"నాలుగు వారాలా?"

తల అడ్డంగా ఊపాను.

పటకారు ట్రేలో పెట్టేసింది. "పొగాకు పెట్టుకునే బుగ్గేనా? గట్టిగా ఉందా? మెడ కింద తడిమి చూశావా? ముక్క తీసి పంపావా?" ఒక్కో ప్రశ్నకూ నేను నోరు తెరుచుకుని, చొంగ కారుతూ, పైకి చూస్తూ. మేమిద్దరం ఒకే పుస్తకం చదివాం. రెండు వారాల్లో మానని నోటి పుండును క్యాన్సరు కాదని తేలేదాకా వదలకూడదు. ఆ పేజీలో బొమ్మ ఎడమ పక్కన ఉంటుంది. నాకు పేజీ కూడా గుర్తుంది.

ఆగస్టు 11

కార్డు తీశాను. ఏప్రిల్ 9. నా గుండ్రటి అక్షరాలు. సొన పుండు. కింద రెండు వరుసలు ఖాళీ ఉంది. 'పొగాకు మచ్చ కావచ్చు, వారంలో మళ్ళీ రమ్మన్నాను' అని రాయడానికి సరిపడా ఖాళీ. సిరా కూడా అదే.

పెన్ను మూత తీశాను. మరియదాసు గారు టీ తెచ్చారు. కార్డు చూశారు, పెన్ను చూశారు, గ్లాసు పెట్టి వెళ్ళిపోయారు.

రాయలేదు. మంచితనం కాదు. ఆయన చూశారు కాబట్టి.

ఆగస్టు 12

ముసునూరు. బస్సులో, మరియదాసు గారితో. సీతారావమ్మ ఇంట్లో లేదు, నాట్లకు వెళ్ళింది. గట్ల మీద నడుచుకుంటూ వెళ్ళాం. బురదలోంచి లేచి, చేతులు కాలవలో కడుక్కుని, గబగబా వచ్చింది. "మీరొచ్చారేంటండీ? కబురు పెడితే నేనే వచ్చేదాన్ని గదా."

గట్టు మీద కూర్చోబెట్టాను. ఎండ వెలుగు చాలు. ఈసారి అద్దం పెట్టాను. మచ్చ పెద్దదైంది. అంచులు లేచి ఉన్నాయి, మధ్యలో పుండు పడింది. వేలితో నొక్కితే గట్టిగా ఉంది. దవడ కింద తడిమాను. చింతగింజంత గడ్డ. కదలలేదు.

ఇన్నాళ్ళూ ఇంకెవరికీ చూపించలేదా అని అడిగాను. కోపంగానే అడిగాను, అలవాటు.

"మా వదినావాళ్ళు గుంటూరు పొమ్మన్నారండి. ఎందుకే, డాక్టరమ్మగారు చూశారు, అదే మానుద్దన్నారు, మీకంటే ఆవిడకి తెలవదా అన్నాను."

పక్కన నాటు వేస్తున్న ఆడవాళ్ళందరూ నన్ను చూస్తున్నారు. అందులో ఆ వదిన ఎవరో నేను అడగలేదు.

బస్సులో మరియదాసు గారు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. అప్పుడే చెప్పాను కదమ్మా అని అనలేదు. అంటే బాగుండేది. తిరిగి ఏదో ఒకటి అనేదాన్ని.

ఆగస్టు 14

మత్తిచ్చి చిన్న ముక్క తీశాను. రెండు కుట్లు. మందు సీసాలో వేసి పరీక్షకు గుంటూరు పెద్దాసుపత్రికి పంపాను. "పన్ను పీకడం కంటే సుఖంగానే ఉందండీ" అంది.

సీసాతోపాటు చీటీ రాయాలి. ఎప్పటి నుంచి ఉంది, మొదట ఎవరు చూశారు. మూడు వాక్యాలకు మధ్యాహ్నమంతా పట్టింది. మొదటిసారి ఏప్రిల్ 9న నేనే చూశాను. సొన పుండు అనుకున్నాను. మే 20న మళ్ళీ వచ్చింది, చూడలేదు.

చీటీ మరియదాసు గారే అంటించారు. చదివారో లేదో తెలియదు.

ఆగస్టు 20

వెంకటరత్నం. బంగారు పన్ను తళతళ. "దాని నోటికేదో అయిందంటగా. వచ్చే ఏడు నా తోటల గతేంటండీ? ఇంకో నోరు తయారవ్వాలంటే పదేళ్ళు పట్టుద్ది."

తోటల గతి! మనిషి గతి అని ఒక్క ముక్క రాలేదు. బయటికి నడవమందామనుకున్నాను. అంతలోనే, మామూలుగానే, తప్పు పట్టినట్టు కూడా కాదు — "మానుద్దన్నారంటగా మీరు."

ఆ బంగారం నేను కట్టిందే. ఆ రోజు ఆమె గుమ్మంలో నిలబడి ఉండగా అరగదీసిన పంటి మీద.

ఆగస్టు 23

బస్టాండు మీదుగా వచ్చాను. పళ్ళవాడు గొడుగు కింద ఎవరిదో నోరు తెరిపించి, దవడ పట్టుకుని, వెలుగుకు తిప్పి తిప్పి చూస్తున్నాడు. చాలాసేపు చూశాడు. నేను నిలబడి వాడిని చూశాను.

ఆగస్టు 27

కవరు వచ్చింది. గుంటూరు ముద్ర. పది గంటల టపాలో.

సీతారావమ్మ ఎనిమిదింటికే వచ్చి బయట బెంచీ మీద కూర్చుంది. ఈ రోజు రమ్మని నేనే చెప్పాను. పునాస కాయ ఒకటి తెచ్చింది, ఈ కాలంలో కూడా ఏదో ఒక చెట్టు కాస్తుంది కదా. కాయకు ఒక చెంప మీద పంటి గుర్తు. "మీకు పుల్లనిది ఇస్తానేమోనని కొరికి చూశానండి. కుడి పక్క పళ్ళతోనేలెండి. బాగుంది." కాయ నా టేబులు మీద ఉంది. పన్ను టెంక దగ్గర ఆగింది.

బుగ్గలో పొగాకు లేదు. ఎప్పుడు మానేశావంటే పన్నెండో తారీఖునుంచట. బొగ్గుపొడి కూడా మానేసిందట. పులుపు తిన్నాక పుక్కిలించి అరగంట ఆగుతోందట. రాత్రి పూట తోముతోందట, ఇంట్లో నవ్వుతున్నారట. ఈ ఊళ్ళో నా మాట విన్న మొదటి మనిషి.

"మీరు చెప్పినియ్యన్నీ చేస్తన్నానండి. కాయల కాలానికి నోరు బాగయిపోద్ది గదండీ?"

మరియదాసు గారు అద్దం మరగబెట్టి ట్రేలో పెట్టారు. కిటికీ రెక్కలు రెండూ తీశారు. కుర్చీ వెలుగుకు తిప్పారు. తలుపు దగ్గర నిలబడి నన్నే చూస్తున్నారు, పిలవమంటారా అని.

కవరు ఇంకా చింపలేదు. ఇది రాస్తున్నాను.